నగరి బిడ్డ జన్యువు, మా వేదవతి మేడమ్

మా జీవరసాయన శాస్త్ర గురువు ఆచార్య వేదవతి గారు నిన్న ఉదయం తిరుపతిలో దివంగతులయ్యారు. మొన్న సాయంత్రమే, పరిశోధన పత్రం ఆలస్యం చేశానని ఫోనులో చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లు ఇక లేవంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ర్యాబ్ 27ఏ అనే మానవ జన్యువు, అది తయారుచేసే చిన్న ప్రోటీను ఆమె తపస్సు. జీటీపీ అనే అణువు అంటుకోగానే మేలుకొని, జుట్టు రంగు, రోగనిరోధక రసాయనాల వంటి కణం లోపలి సరుకును అంచుకు చేరవేయడం ఆ ప్రోటీను పని. తరగతిలో తరచూ అనేవారు: "దాని పేరు నోరు తిరక్కపోయినా పర్వాలేదబ్బా. అది పని మానేస్తే ఎవురింట్లో ఏడుపో తెలిసుండాల."

ఆ ఏడుపు నగరి నుంచి వచ్చింది. నేతపనివారి కోడలు మునిలక్ష్మి వెండి రంగు జుట్టున్న పసివాణ్ని మా ప్రయోగశాలకు ఎత్తుకొచ్చింది. మాటిమాటికీ జ్వరం. ఆమెది మేనమామతో పెళ్లి, అత్తే అమ్మమ్మ. పరీక్షకు నాలుగు వెంట్రుకలు అడిగితే వెంట వచ్చిన ఆ అవ్వ ససేమిరా అంది. "కొండకు మొక్కుకున్న పుట్టెంటికలు. ఒగటి గూడా తియ్యకూడదు." మేము విసుక్కున్నాం. మేడమ్ మాత్రం "స్వామి సొత్తు స్వామికి పోనీ, మళ్లీ మొలుస్తాయి గదా" అని ఆగారు. తలనీలాలిచ్చాక మొలిచిన వెంట్రుకల్లో, సూక్ష్మదర్శిని కింద, రంగు ముద్దలు ముద్దలుగా కనబడింది. రక్తపరీక్ష కూడా ఆ జన్యులోపాన్నే చూపింది. ఎముక మూలుగ మార్పిడి తప్ప దారి లేని జబ్బు, ఆ ఇంటికి అందని వైద్యం. బిడ్డ దక్కలేదు.

అవ్వ నింద కోడలి మీద వేసింది. "దాని నాయన వైపు రక్తమే సెడ్డది" అని కొడుక్కి మారుమనువు వెతకసాగింది. వేదవతి గారు బస్సెక్కి నగరి వెళ్లారు. వెంట నేనూ ఉన్నాను. మగ్గం పక్కన నేలమీద కూర్చుని చెప్పారు. "నేసిన చీరలు ఈడనే పడుండాయి, సంతకు మోసే మనిషి లేడు. బిడ్డ ఒంట్లో జరిగింది అదే అవ్వా. ఆ మోసే మనిషిని పుట్టించే విత్తులు రెండు: తల్లి ఇచ్చింది ఒగటి, నాయన ఇచ్చింది ఒగటి. రెండూ చెడ్డవైతేనే జబ్బు."

అవ్వ, "అట్లయితే మా ఇంట్లో నుంచి వచ్చిందా?" అంది.

"తెలిసి ఇచ్చినారా ఏమి? బిడ్డను పోగొట్టుకున్నదాన్ని యాడికి తరుముతావు?"

అవ్వ కోడలి తల నిమిరి ఏడ్చింది. మారుమనువు మాట మళ్లీ ఎత్తలేదు. తరువాత మునిలక్ష్మికి నల్లని జుట్టుతో ఆడబిడ్డ పుట్టింది.

నిన్న శ్మశానానికి బయలుదేరే ముందు మునిలక్ష్మి ఆ పాపతో వచ్చింది. మేడమ్ పాదాలకు మొక్కి నా వైపు తిరిగింది. "ఈ పిల్లకూ ఆ చెడ్డది ఒగటి ఉండాదని మేడమ్ చెప్పింది సార్. జబ్బు రాదుగానీ, సొంతంలో పెండ్లికియ్యొద్దనింది. అవ్వేమో పెద్దయినంక మేనత్త కొడుక్కే ఇయ్యాలంటా ఉండాది. మేడమ్ మాట తప్ప ఇంకెవురి మాటా వినదు. ఇంక ఎవురొచ్చి చెప్తారు?"

నేను వస్తానని చెప్పాను. ఆ జన్యువు గురించి ఆమె నేర్పినదంతా నాకు తెలుసు. ఆ అవ్వ పక్కన కూర్చుని ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియదు. అడుగుదామంటే గురువు గారు లేరు.