ఒకే చీర, పదకొండు సార్లు

మొన్న బుధవారం మా పాత పక్కింటి డైరెక్టర్ అంకుల్ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. భోంచేసి కునుకు తీశారట, మళ్ళీ లేవలేదు. నాకు ముందు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఏ పనీ ఒక్కసారితో తేల్చని మనిషి, దీన్ని మాత్రం ఒక్కసారిలో ముగించేశారు.

వై2కె రోజుల్లో మేం సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో అద్దెకి దిగాం. మా ఆయనకి శనాదివారాలు కూడా ఆఫీసే. నేను ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం దొరక్క, పెరట్లో బట్టలారేసుకుంటూ ఉండేదాన్ని. కంచె అవతల ఈయన, ఇటలీ మనిషి. రోమ్‌లో తొమ్మిదేళ్ళు అసిస్టెంటుగా చాకిరీ చేసి రెండు సినిమాలు తీశారు. మొదటిది ఆడింది. రెండోదానికి నిజం వానే పడాలని అందరినీ నెలన్నర కూర్చోబెడితే నిర్మాత పారిపోయాడు. మూడోది ఎవరూ ఇవ్వలేదు. సిడ్నీలో చెల్లెలి దగ్గరికొచ్చి పెళ్ళి వీడియోలు మొదలుపెట్టారు. అక్కడా పెళ్ళికొడుకుని చర్చిలోంచి మూడేసిసార్లు బయటికి రమ్మనేవారు. ఆ సంగతి ఆనోటా ఈనోటా పాకి, జనం ఆయన్ని పిలవడం మానేశారు.

ఒకరోజు కంచె మీదుగా, తన కొత్త సినిమాలో బట్టలారేసే ఆవిడ కావాలన్నారు. సరే అన్నాను, అదే నేను చేసిన తప్పు. ఒకే చీర. ఆరేయడం, తీయడం, మళ్ళీ బకెట్లో ముంచడం. ప్రతిసారీ "బాగుంది సిగ్నోరా, ఇంకోసారి" అనేవారు. సిగ్నోరా అంటే వాళ్ళ భాషలో అమ్మగారు. బాగుంటే ఇంకోసారి ఎందుకు? పదకొండోసారికి ఒళ్ళు మండి తెలుగులోనే అరిచాను.

"మీకు పనీ పాటా లేకపోతే నాకూ లేదనుకున్నారా?"

అన్నాక, నాకు నిజంగానే లేదని గుర్తొచ్చి ఏడ్చేశాను.

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కెమెరా ఆపేశారు. మిగతా బట్టలన్నీ తనే ఆరేశారు, ఒక్కటీ సరిగ్గా దులపకుండా. తర్వాత ఏమైందని అడిగితే, ఉద్యోగం దొరకట్లేదని చెప్పాను.

మర్నాటి నుంచి అదే కెమెరా ముందు కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. నెల రోజులు. జవాబుకి ముందు నేను సారీ అన్నానంటే మళ్ళీ మొదటికే. "ఏం తప్పు చేశావని? చేసిన రోజు చెబుదువుగాని" అనేవారు. పొయ్యి మీద కూర మాడుతోందన్నా వదల్లేదు.

ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పరుగెత్తుకెళ్తే, తలుపు కొట్టడంలో సంతోషం వినబడలేదని, బయటికెళ్ళి మళ్ళీ రమ్మన్నారు. తిట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ కొట్టాను. ఈసారి తలుపు తీసిన మనిషి కళ్ళు తుడుచుకుంటున్నారు.

సినిమా మాత్రం పూర్తికాలేదు. ఎప్పుడడిగినా ఇంకొంచెం కత్తిరించాలనేవారు. ఇరవై ఏళ్ళకి పైగా అదే మాట. నాకు చూపించకుండానే పోయారు.

పోయిన నెల, ఇప్పుడు మేముండే ద పాండ్స్ నుంచి కారేసుకుని చూడ్డానికి వెళ్ళాను. పెరట్లో ఎండకి కూర్చున్నారు. మాట బాగా తగ్గిపోయింది. నీడ పాదాల మీదికొచ్చినప్పుడల్లా సూర్యుణ్ణి ఇటాలియన్‌లో తిట్టి, నా చేత కుర్చీ జరిపించుకున్నారు. నాలుగుసార్లు. ఐదోసారికి గరాజ్ గోడ అడ్డొచ్చింది, జరగడానికి ఇక చోటు లేదు. గోడకి ఆనుకుని జానెడు ఎండ మిగిలింది. అందులోకి మోకాళ్ళు జరిపి, ముఖం పైకెత్తి, కళ్ళు మూసుకున్నారు. నేను కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాను, ఆయన ఇంకా జరపమంటారేమోనని.