కంకర బండికి కొబ్బరికాయ

జల్‌పల్లి వీరేశం స్కూటర్ కొనడు. లోకల్ రైలు వేస్తామన్న మాట నమ్మి నగర శివారులో ఇల్లు కట్టుకున్న మనిషి. రైలొస్తుంటే స్కూటరెందుకని ఇన్నేళ్లయినా అడుగుతూనే ఉంటాడు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, చంకలో టిఫిన్ డబ్బాతో సగం కట్టిన ప్లాట్‌ఫారం ఎక్కుతాడు. తుప్పుపట్టిన పట్టాలవైపు మెడ చాచి చూశాకే బస్సుకోసం పరుగెత్తుతాడు. సికింద్రాబాద్‌లో ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకు వేళకు చేరిన రోజు లేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దని మొన్న ఓనరు చెప్పేశాడు.

మర్నాడే పట్టాల మీద ఇంజన్ కూత వినబడింది. వీరేశం దుకాణానికి ఉరికి కొబ్బరికాయ తెచ్చి కొట్టాడు, ఆగిన ఇంజన్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"కాకా, ఇది కంకర బండి!" అని డ్రైవర్ నవ్వాడు.

"కంకరొచ్చిందంటే రైలొచ్చినట్టే భాయ్!"

ఆయన కొబ్బరి ముక్కలు పంచుతుండగానే బస్సు వెళ్లిపోయింది. అంతలో భార్య చంద్రకళ, తన తమ్ముడి పాత స్కూటర్ నడుపుకుంటూ వచ్చి ఆగింది. ఆమె బండి నేర్చుకున్న సంగతి వాడకట్టంతటికీ తెలుసు, ఒక్క ఆయనకు తప్ప.

"ఎక్కుతవా, గా కంకరకు కావలుంటవా? నౌకరి పోతది!"

వీరేశం వెనక కూర్చుని ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"రైలొచ్చేదాకనే ఎక్కుతున్న," అన్నాడు.