ఊరి మొదటింటి ఖాసింబీ

ఖాసింబీ ఇక లేదు. మొన్న శుక్రవారం పొద్దున ఆమె మేనల్లుడు జానీ ఫోన్ చేసి, "అన్నా, ఫుప్పమ్మ పోయింది" అన్నప్పుడు నేను హనుమకొండలో ఆటో ఆపుకొని సవారీల కోసం చూస్తున్నాను. మాట చెవిన పడింది గానీ మనసు ఒప్పుకోలేదు. ముందురోజు సాయంత్రమే కదా, "లైబ్రరీ సారూ, చాయ్ తాగకుండ ఏడికి ఉరుకుతాన్నవ్?" అని గదమాయించింది! దవాఖానలో డాక్టరు ఒక్కటే అడిగారట: "ఈమె సరిగా తినక ఎన్నాళ్లయింది?" జానీ దగ్గర జవాబు లేదు. మా ఎవరి దగ్గరా లేదు.

ఆమె కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి కోడలుగా వచ్చింది. పిల్లలు లేరు. భర్త పోయాక మగ్గాలు ఆగిపోయిన షెడ్డులో ఒంటరిగా మిగిలింది. ఆ షెడ్డునే, రిజర్వాయరులో ఊరు మునిగి నిరాశ్రయులైన తొమ్మిదిమంది వృద్ధులకు ఉమ్మడి నివాసంగా మార్చింది. ఇంతటి మనిషి పేరు ఏ పత్రికలోనూ రాలేదు. ఏడో తరగతిలో బడి మానేసి, మిగతా చదువంతా గ్రంథాలయం బల్లల దగ్గర నేర్చుకున్న నాకు, ఆమె గురించి నాలుగు వాక్యాలు రాయడం కంటే ఆ చదువుకు వేరే సార్థకత కనబడడం లేదు.

దీనికంతటికీ మొదలు సాయిలు తాత. ఒకనాడు బస్టాండు దగ్గర నా ఆటో ఎక్కి, తన ఊరి పేరు చెప్పి అక్కడికి పోనిమ్మన్నాడు. ఆ ఊరు నీళ్లలో కలిసి అప్పటికి రెండేళ్లు. "తాతా, ఆ ఊరు లేదు గదా" అంటే, "తెలుసు బిడ్డా. ఇంక ఏ ఊరి పేరు చెప్పాలె?" అన్నాడు. ఆటో వెనక్కి తిప్పాను. మా పక్క గల్లీలో ఉండే ఖాసింబీ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చొని, "ఒక్కనివేనా? మీ ఊరోళ్లు ఇంకెందరున్నరు గిట్ల?" అని అడిగింది.

మిగతా ఎనిమిదిమందిని వెతికి తేవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. అందరూ వెనకాముందు ఎవరూ లేనివాళ్లే. ఒకరు గుడి మెట్ల మీద, ఒకరు దూరపు చుట్టాల వరండాలో, మల్లమ్మవ్వ ఒక ఫంక్షన్ హాలు వెనుక గిన్నెలు తోముతూ దొరికారు. ఖాసింబీ నేలలోని మగ్గం గుంటలన్నీ మట్టితో పూడ్పించి, తొమ్మిది మంచాలు వేయించింది. ఎవరి మంచం ఎక్కడన్నది నాకు అప్పజెప్పింది.

అక్కడే నేను పొరపాటు చేశాను. గ్రంథాలయంలో నేర్చిన పద్ధతి నాకు పరమ శాస్త్రీయంగా తోచింది. పేర్లను అకారాది క్రమంలో రాసి, అట్టముక్కలు కట్టి, ఆ వరుసలోనే అందరినీ పడుకోబెట్టాను. మర్నాడు వెళ్తే ఒక్కరి కళ్లలోనూ నిద్రపోయిన జాడ లేదు. "నాకు ఎడమదిక్కు మల్లమ్మ దగ్గు వినబడాలె. గిక్కడెవడో గురక పెడ్తాండు" అన్నాడు సాయిలు తాత. ఖాసింబీ నా అట్టముక్కలు ఒక్కొక్కటే విప్పింది. "సారూ, నీ పుస్తకాలైతే ఏడ పెడ్తే ఆడ ఉంటయి. వీళ్లకు పక్కిల్లు కావాలె" అంది. సుద్దముక్క పట్టుకొని నేల మీద కూర్చొని, "చెప్పుండ్రి, మీ ఊర్ల ఎవరింటి పక్కన ఎవరిల్లు?" అని అడిగింది.

పొద్దంతా గీసింది. చూడని ఊరిని గల్లీ గల్లీగా గీసి, ఆ గీతల ప్రకారమే మంచాలు జరిపించింది. సాయిలు తాత ఇంటి దగ్గరికి వచ్చేసరికి పంచాయితీ లేచింది. "వీడు గోడ మూరెడు నా జాగలకు జరిపిండు!" అని మల్లమ్మవ్వ. "నీ కండ్లు జరిగినయ్, గోడ కాదు!" అని ఆయన. గోడ, ఊరు, రెండూ నీళ్ల కిందే ఉన్నాయి. ఖాసింబీ రెండు మంచాల నడుమ ఒక జంపఖానా వేలాడదీసి, "ఇదే గోడ. ఈ పంచాయితీ నేను తెంప. తెంపితే మీరిద్దరు మాట్లాడుకునుడు బంద్ చేస్తరు" అంది. ఆ రోజు నుంచీ వాళ్లు కడుపునిండా కొట్లాడుకుంటూ సుఖంగా నిద్రపోయారు.

ఊరి మొదటి ఇల్లు మాత్రం ఖాళీగా మిగిలింది. ఆ ఇంటివాళ్లు పునరావాస కాలనీలో ఉన్నారు. "వచ్చేటోళ్లను పలకరించే ఇల్లు గది, సున్నగ ఉంచద్దు" అని సాయిలు తాత బాధపడితే, "జర ఫికర్ చెయ్యకు, నేనుంట" అని ఖాసింబీ తన మంచం తెచ్చి తలుపు పక్కన వేసుకుంది. ఆమె నమాజు చేసుకుంటుంటే మల్లమ్మవ్వ దగ్గు కూడా బిగబట్టేది.

రోజూ దీపాలు పెట్టే వేళకు ఖాసింబీ ఊరంతా తిరిగేది. మంచం మంచం దగ్గరా ఆగి, "తిన్నవా?" అని అడిగేది. అబద్ధమాడితే మొహం చూసి పట్టేసేది. ఒకసారి వాళ్లను ధర్మసాగర్ కట్ట మీదికి తీసుకువెళ్లాం. అవి వాళ్ల ఊరిని ముంచిన నీళ్లు కావు, అయినా చూసి సాయిలు తాత కూలబడిపోతే, "మీ ఊరు కొత్తవాడల ఉన్నది, గిక్కడేం చూస్తాన్నవ్? లే, అన్నం చల్లగైతాంది" అని లేవదీసింది.

ఖననం అయిన మరునాడు సాయంత్రం జానీ వచ్చాడు. షెడ్డు ఇప్పుడు అతనిది. అతని ఇబ్బందులు అతనికున్నాయి. వృద్ధులను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి, ఇద్దరినొకచోట, ముగ్గురినొకచోట సర్దుదామని మాట్లాడడానికే వచ్చాడని నాకు తెలుసు. దీపాలు పెట్టాం. ఎవరూ తినలేదు.

అప్పుడు మల్లమ్మవ్వ కర్ర ఊతంగా లేచింది. తలుపు దాకా నడిచి, ఖాళీగా ఉన్న మొదటి మంచం ముందు ఆగింది.

"ఖాసింబీ, తిన్నవా బిడ్డా?"

ఇన్నేళ్లూ ఖాసింబీ "తిన్నవా" అని అడిగే వరుస రెండో ఇంటి నుంచే మొదలయ్యేది. మొదటింట్లో ఉన్నది అడిగే మనిషి గనుక, ఆ ఇంటిని అడిగినవాళ్లు లేరు. డాక్టరు ప్రశ్నకు మా దగ్గర జవాబు ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. మల్లమ్మవ్వ రెండో మంచం వైపు కదిలింది. జానీ చెప్పవచ్చిన మాట చెప్పకుండానే చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. రేపు వచ్చి చెబుతాడేమో, నాకు తెలియదు.

నేను చదివిన పుస్తకాలన్నిటిలో వెతికినా ఆమె స్థానంలో నిలబెట్టగల మనిషి కనబడలేదు. అమ్మా ఖాసింబీ, నీ పాదాలకు నమస్కారం. ఒక మునిగిన ఊరిని నువ్వు మళ్లీ కట్టావు. ఆ ఊళ్లో ఒక్కరమైనా, ఒక్క సాయంత్రమైనా, నీ గడప దగ్గర ఆగి అడగవలసింది.