ల్యాబ్ అక్క పెట్టని సంతకం

కాలేజీలో అందరూ ఆవిడను ల్యాబ్ అక్క అనే పిలిచేవారు. స్వదేశంలోని పెద్ద కాలేజీ వాళ్లు ఈ పరాయి దేశంలో శాఖ తెరిచిన ఏడాదే కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేరింది. పద్నాలుగేళ్లలో ఏ సీసా ఏ అరలో ఉందో కళ్లకు గంతలు కట్టినా చెప్పగలిగేంత పనిమంతురాలైంది. ల్యాబ్ ఇన్‌చార్జి రిటైరైతే ఆ కుర్చీ ఆవిడదేనని స్టాఫంతా అనుకున్నారు.

ఇన్‌చార్జి రిటైరయ్యాక, ఆ పోస్టు ఖాళీ ఉందన్న ప్రకటన ఒక గురువారం సాయంత్రం నోటీసు బోర్డెక్కింది. శుక్రవారం పొద్దున్నకల్లా గడువు తీరిపోయింది. సోమవారం ప్రిన్సిపాల్ గారి బావమరిది వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ మేనకోడలు అడ్మిషన్లలో, తోడల్లుడు హాస్టల్లో అప్పటికే పాతుకుపోయారు. లెక్చరర్లు క్యాంటీన్‌లో గుసగుసలాడుకునేవారు, ప్రిన్సిపాల్ అటు వస్తే టీ కప్పుల్లోకి చూసేవారు. అందరి వీసాలూ కాలేజీ పేరు మీదే మరి.

బావమరిది చెడ్డవాడేం కాదు. తనకు ఓనమాలు కూడా రావని మొదటిరోజే ఒప్పుకుని, నేర్పమని అడిగాడు. కడుపు మండుతున్నా ఆవిడ నేర్పింది. అతను తలూపుతూ ఫోన్ చూసుకునేవాడు.

ఇంతలో ల్యాబ్‌లో ఘాటు వాయువులను లాగి బయటికి పంపే గాజు అల్మారా ఫ్యాన్ ఆగిపోయింది. బాగుచేయించమని ఆవిడ బావమరిదికి మూడుసార్లు ఉత్తరం రాసిచ్చింది. బావకు మాట వస్తుందని అతను ఆ కాగితాలను సొరుగులో దాచాడు. రెండు వారాలకు ఒక విద్యార్థిని ప్రయోగం చేస్తూ దగ్గి దగ్గి కుప్పకూలింది. వరండాలోకి మోసుకెళ్లి కూర్చోబెడితే కాసేపటికి తేరుకుంది. ఆ పూటే ఆవిడ ల్యాబ్‌కు తాళం వేసింది.

పై వారమే స్వదేశం నుంచి తనిఖీ బృందం రావాల్సి ఉంది. పరికరాలన్నీ సక్రమంగా ఉన్నాయన్న ఫారం నింపి, పరికరాలు చూసుకునేది ఆవిడే కాబట్టి కింద సంతకం పెట్టమన్నారు. ఆవిడ పెట్టలేదు. ప్రిన్సిపాల్ పిలిపించాడు.

"మీ వీసా ఎవరి చేతిలో ఉందో గుర్తుందా అమ్మా?"

"వీసా మీ చేతిలోనే ఉంది సార్. సంతకం మాత్రం నా చేతిలో ఉంది. పెట్టను."

ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్. బ్రేకు పట్టని బండిని తాను కూడా ఎప్పుడూ రోడ్డెక్కించలేదని మాత్రం అన్నాడు.

తనిఖీ రోజున, ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టమన్నారు. ఆవిడ అరగంట ముందే వచ్చింది. బావమరిది అంతా బాగుందని చెబుతుండగా, పల్చటి కాగితం ముక్క చించి గాజు అల్మారా నోటి దగ్గర పట్టుకుంది. ఫ్యాన్ తిరిగితే కాగితాన్ని లోపలికి లాగాలి. అది వేలాడుతూనే ఉంది. మూడు ఉత్తరాల నకళ్లూ బల్ల మీద పెట్టింది. అధికారులు వాటిని చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడు వెనక నుంచి ఫిజిక్స్ మేడమ్, "మా ల్యాబ్ రిపేర్ల కోసం మేం రాసిచ్చినవీ రెండు ఉత్తరాలున్నాయండీ," అంది. లైబ్రేరియన్ ముందుకొచ్చాడు. సాయంత్రానికి పదహారు మంది చుట్టరికపు నియామకాల మీద తమ పేర్లతో సహా రాసిచ్చారు.

ప్రిన్సిపాల్ పదవి పోలేదు, కానీ ఆ పదహారు సంతకాల తర్వాత ఆయన వీసా మాట మళ్లీ ఎత్తలేదు. బావమరిదిని మాత్రం ఇంటికి పంపారు, ఫ్యాన్ బాగుచేయించారు, ఆ పోస్టుకు నెల గడువుతో మళ్లీ ప్రకటన ఇచ్చారు. ఈసారి నిజంగానే ఇంటర్వ్యూ జరిగింది. ఉద్యోగం ఆవిడకు రాలేదు. ఎవరి చుట్టమూ కాని, ఆవిడకంటే పెద్ద చదువున్న ఒకామెకు వచ్చింది.

ల్యాబ్ అక్క మనసు చివుక్కుమంది. అబద్ధమెందుకు, రెండు రోజులు సరిగ్గా తిండి కూడా తినలేదు. మూడోరోజు కొత్త ఇన్‌చార్జిని అర అరకూ తిప్పి చూపించింది. మీకు బాధగా లేదా అని ఆమె మెల్లగా అడిగింది.

"ఉంది. కానీ మీతో పోటీపడి ఓడిపోయాను. అంతకుముందు నన్నసలు బరిలోకే దిగనివ్వలేదు," అంది అక్క. తర్వాత తనకు లేని ఆ పెద్ద చదువు కోసం సాయంకాలపు కోర్సులో చేరడానికి అప్లికేషన్ తీసి, ఆమెతోనే సాక్షి సంతకం పెట్టించుకుంది.