కకిరిగుమ్మ తెలుగు మావుసి

ఈ ఏడు మాఘమాసంలో ఒక ఉదయం, జేకేపూర్‌లో ఉన్న మాకు కకిరిగుమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మా తెలుగు మావుసి ఎల్లిపోనాది" అంటూ దేశియా మాట్లాడే ఆ ఊరి అమ్మాయి ఒకతె ఏడ్చింది. మావుసి అంటే వాళ్ళ భాషలో పిన్ని. ఆ అమ్మాయి చెప్పింది మా మేనత్త పోయిన సంగతి.

శ్రీకాకుళం పల్లె నుంచి కొత్తకోడలిగా ఒడిశాలోని ఆ ఊరు వెళ్ళినప్పుడు అత్తకి ఒడియా ముక్క రాదు. మామయ్యది రైలు పట్టాల పని. మొదటి వేసవిలో పెరట్లో రాలిన పచ్చి మామిడికాయ కొరకబోతుంటే, పక్కింటి దేశియా ఆవిడ నెమ్మదిగా చేతిలోంచి తీసేసుకుందట. తర్వాత ఊరవతల గుట్ట మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఆరుబయట, కళ్ళు మూసుకుని కూర్చున్న రాతి విగ్రహం. వెయ్యేళ్ళనాటి జైన విగ్రహమని చదువుకున్నవాళ్ళు అంటారు. ఊరి ఆడవాళ్ళకి మాత్రం అమ్మవారే. చైత పరబ్ పండగనాడు తొలి కాయ అమ్మవారి ముందు పెట్టాకే అక్కడ ఎవరైనా మామిడి తినడం.

"ముందు కోపమొచ్చింది గానమ్మీ, దాని సెయ్యి మాయమ్మ సెయ్యిలాగే ఉంది. మరింకేటంటాను?" అనేది అత్త.

అప్పటినుంచి ఆవిడదీ అదే నియమం. మేం తొందరపడి కాయలు పట్టుకెళ్తే గోనె కప్పి మంచం కిందకి తోసేది. మధ్యాహ్నం ఒకసారి గోనె ఎత్తి, "వాసన సూస్తే తప్పులేదు" అనేది.

కొన్నేళ్ళ క్రితం పక్క ఊళ్ళో పాత విగ్రహమొకటి దొంగలపాలైంది. ఆ తర్వాత ఒక అధికారి జీపులో వచ్చి, గుట్ట మీది విగ్రహాన్ని మ్యూజియానికి తరలిస్తామన్నాడు. ఆడవాళ్ళు దాని చుట్టూ కూర్చుని కదిలేది లేదన్నారు. ఆరోజు నేనక్కడే ఉన్నాను. అత్త ముందు ఆడవాళ్ళ వైపే తిరిగి వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంది. వాళ్ళు తలలు దించుకున్నారు. ఏమన్నావని తర్వాత అడిగితే, "ఆ బాబు అబద్దమాడలేదన్నాను. పక్కూరి దేవుడేడీ అన్నాను" అంది.

అధికారి పర్లాకిమిడిలో పెరిగినవాడు, తెలుగు వచ్చు. అత్త అతని వైపు తిరిగింది.

"బాబూ, మీరట్టుకెల్తే రాయి బాగానే ఉంటాది. అద్దం ఎనకాల ఉన్న తల్లికి ఈళ్ళు కాయెలా ఎడతారు?"

"ఇక్కడైతే కాపలా ఎవరమ్మా?"

"మేమే. మీరు సువ్వల గది కట్టించండి. తాళం మాకివ్వండి."

 అతను పైవాళ్ళను అడుగుతానన్నాడు, మాట మాత్రం ఇవ్వలేదు.

ఆ వానాకాలమంతా ఆడవాళ్ళు వంతులు వేసుకుని గుట్టమీద కాపు కాశారు. మోకాళ్ళ నొప్పులతోనే అత్త కూడా గొడుగేసుకుని వెళ్ళేది. వద్దంటే, "ఇంట్లో కూకుంటే మోకాలు నొప్పెట్టదేటి?" అనేది. చలికాలం మొదట్లో అనుమతి వచ్చింది. ఇనపచువ్వల గది లేచింది. తాళంచెవి ఇప్పటికీ ఇంటింటికీ తిరుగుతోంది.

మొన్న చైత పరబ్‌కి నేను వెళ్ళాను. అత్త లేని ఊరికి ఎందుకని బస్సెక్కేవరకూ అనుకుంటూనే ఉన్నాను. ఫోన్ చేసిన అమ్మాయే గది తలుపు తీసింది. కోరాపుట్‌లో డిగ్రీ చదువుతోందట, పండగకని వచ్చింది. కాయలు పెట్టడం అయ్యాక డోలు, సన్నాయి అందుకున్నాయి. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని ధెంసా ఆటకి వరస కట్టారు. ముసలమ్మలూ, జీన్స్ వేసుకున్న పిల్లలూ అందరూ ఒకే వరస.

"రా అక్కా" అని ఆ అమ్మాయి నన్ను లాగింది.

"నాకు అడుగులు రావమ్మా."

"మావుసికీ రాలేదు. ఏటవుద్ది?"

అచ్చం మా అత్త యాస. ఇటు ఆ అమ్మాయి, అటు ఎవరో తెలియని పెద్దావిడ నా చేతులు తమ నడుముల వెనక వేసుకుని, నా వీపు వెనక చేతులు కలిపారు. వరస కదిలింది. గుట్ట కింద రాయగడ వెళ్ళే రైలు మెల్లగా పోతోంది. కిటికీల్లో జనం మా వైపు చేతులూపుతున్నారు. నాకు రెండు చేతులూ ఖాళీ లేవు.