ఈ x ఎక్కడిది, మేడం?

2019 జనవరి. పర్చూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. అప్పటికే పందొమ్మిదేళ్ల సర్వీసు. మా తరగతి కిటికీలోంచి చూస్తే ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క మిరప కళ్లాలు. కాయలు ఎండబోసే రోజుల్లో గాలి అటునుంచి వీచిందంటే బోర్డు మీద రాస్తూ రాస్తూ నేను తుమ్మేదాన్ని. ఆ వెంటనే మొదటి బెంచీ, తర్వాత రెండో బెంచీ వరసగా అందుకునేవి. ఆ కాలేజీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు ఆ తుమ్ములే గుర్తొస్తాయి.

మొదటి సంవత్సరం లెక్కల్లో మొదటి పాఠం ఫంక్షన్లు. తెలుగు పుస్తకంలో ప్రమేయాలు అంటారు. ఒక గుంపులోని ప్రతి వస్తువునీ ఇంకో గుంపులో ఏదో ఒక్క చోటికే పంపే నియమం, అంతే. దాన్ని f : A → B అని రాస్తాం. ఎక్కడినుంచి తీసుకుంటున్నామో ఆ A పేరు డొమైన్. ఎక్కడికి పంపుతున్నామో ఆ B కోడొమైన్. f అంటే చేసే పని, f(x) అంటే ఆ పని x మీద చేస్తే వచ్చేది. చాలామంది పిల్లలు ఈ బాణం గుర్తుల వరస అంతా అలంకారం అనుకుని వదిలేసి f(x) = ఫలానా అని మాత్రమే రాస్తారు. ఆ అలవాటు మాన్పించడానికి నేను పడని పాట్లు లేవు. డొమైన్ రాయని వాళ్లకి అర మార్కు కోసేదాన్ని, మొహమాటం లేకుండా.

నా నోటి సంగతి కూడా చెప్పాలి. నేను మాటకి ముందు వేళాకోళం ఆడే మనిషిని. పిల్లలు నవ్వితే పాఠం ఎక్కుతుందని నా నమ్మకం. నిజంగానే చాలాసార్లు ఎక్కింది. అందుకే దాని మీద నాకు అనుమానం రాలేదు.

ఆ సంవత్సరం మూడో బెంచీ చివర మస్తాన్‌బీ కూర్చునేది. వాళ్లమ్మ ఖాసింబీ మిరపకాయలు ఏరే పదిమంది ఆడవాళ్ల జట్టుకి పెద్ద. మస్తాన్‌బీ నెమ్మదస్తురాలు, కానీ అర్థం కానిది అర్థమైనట్టు తల ఊపేది కాదు. అలాంటి పిల్ల తరగతికి ఒక్కతి ఉన్నా చాలు, చెప్పేవాళ్లకి ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాలనిపిస్తుంది. నాకు ఆ పిల్లంటే ఇష్టం. ఆ ఇష్టం కొద్దీ మిగతా వాళ్లకంటే దాన్నే ఎక్కువ ఏడిపించేదాన్ని కూడా.

ప్రీ-ఫైనల్ పరీక్ష పేపరు నేనే తయారు చేశాను. అందులో రెండు మార్కుల ప్రశ్న ఒకటి: f(x) = x² అన్వేకమా? కారణం రాయండి. అన్వేకం అంటే రెండు వేరు వేరు సంఖ్యలు ఒకే చోటికి పోకూడదని అర్థం. రెండుని రెండుతో హెచ్చించినా నాలుగే, మైనస్ రెండుని మైనస్ రెండుతో హెచ్చించినా నాలుగే. కాబట్టి అన్వేకం కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే జవాబు.

పరీక్ష మొదలైన పావుగంటకి మస్తాన్‌బీ లేచి నిలబడింది.

"ఈ x ఎక్కడిది, మేడం?"

"ఎక్కడిదేంటమ్మా, ఇంగ్లీషు అక్షరాల్లోది. చివరినుంచి మూడోది" అన్నాను.

హాలంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. ఆ పిల్ల కూర్చుని మళ్లీ తల ఎత్తలేదు.

వారం తర్వాత దాని టీసీ దరఖాస్తు క్లాస్ లెక్చరర్ సంతకం కోసం నా బల్ల మీదికి వచ్చింది. వచ్చే ఏడు ఇంకో కాలేజీలో లెక్కలు లేని గ్రూపులో చేరతానని రాసింది. రెండ్రోజులుగా రావడం లేదని అప్పటికే చూశాను. కళ్లం పనికి వెళ్తోందని తోటి పిల్లలు చెప్పారు. ప్రిన్సిపాల్ శనివారంలోగా తేల్చమన్నారు. నాకు బాధా కోపమూ కలిసి వచ్చాయి. తరగతిలో చూపించి వెనక్కి తీసుకున్న దాని జవాబు పత్రం వెతికి చూశాను, డెబ్బై అయిదుకి నలభై ఒకటి. అన్వేకం ప్రశ్నకి మాత్రం సున్నా. రెండు మార్కులు పోయాయని లెక్కలు మానేసే పిల్లని నాలుగు దులపాలనుకుని, ఆ పత్రం సంచిలో పెట్టుకుని సాయంత్రం కళ్లానికి వెళ్లాను.

నేను వెళ్లేసరికి ట్రాక్టరు ట్రక్కులోంచి ఒక కుప్ప దింపుతున్నారు. ఆడవాళ్లు చెంగులు ముక్కుకి కట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. మస్తాన్‌బీ కూడా వాళ్లలోనే ఉంది. నన్ను చూసి లేవబోయింది, పని కానీ అన్నట్టు చెయ్యి ఊపి నేను గట్టు మీద కూర్చున్నాను. రైతు మంచి కాయ ఇటు, తెల్లబడ్డ తాలు కాయ అటు వెయ్యమని చెప్పి వెళ్లబోయాడు. ఖాసింబీ మాత్రం కుప్ప మీద చెయ్యి వెయ్యలేదు.

"ఎన్నో కోతన్నా ఇది?" అంది.

"కోతతో పనేముంది? కాయ చూస్తే తెలవట్లా?"

"తెలవదు. మొదటి కోతలో తాలు కిందికి పోయేది మూడో కోతలో మంచి కాయే. అది చెప్పకుండా ఏ కాయ ఎటెయ్యమంటావు?"

ఆయన ఫోను తీసి ఎవరినో అడుగుతున్నంతసేపూ పదిమందీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మూడో కోతే అని తేలాక అందరి చేతులూ ఒకేసారి కుప్పలోకి వెళ్లాయి. అప్పుడు మస్తాన్‌బీ నా వైపు చూసి, చెంగు కాస్త కిందికి లాగి, మెల్లగా అంది.

"నేనడిగింది కూడా అదే మేడం."

నేను సంచిలోంచి జవాబు పత్రం తీశాను. దిద్దేటప్పుడు 'అవును' అన్న మాట దగ్గరే నా ఎర్ర పెన్ను ఆగిపోయినట్టుంది, మిగతాది చదవనే లేదు. ఇప్పుడు చదివాను. 'x పొడవు లాంటి కొలత అయితే అవును, ఎందుకంటే రెండు వేరు వేరు పొడవులకి ఒకే వర్గం రాదు. x మైనస్ కూడా కావచ్చంటే కాదు, ఎందుకంటే 2కీ –2కీ 4 వస్తుంది. x ఎక్కడినుంచి తీసుకోవాలో ప్రశ్నలో లేదు.' దాని మీద అడ్డంగా నా గీత, పక్కన నా చేతిరాతే: 'అవునా కాదా, ఏదో ఒకటి చెప్పు.'

డొమైన్ రాయలేదని పందొమ్మిదేళ్లుగా పిల్లలకి అర మార్కు కోస్తున్న మనిషిని, నా ప్రశ్నలో నేనే డొమైన్ రాయలేదు. అరవై మందిలో ఒక్క పిల్ల అది పట్టుకుని అడిగితే నలుగురిలో నవ్వులపాలు చేసి, పైగా సున్నా వేశాను. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు.

తప్పు నాదేనని అక్కడే ఖాసింబీకి చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపకుండానే అంతా విని, "అడిగినప్పుడు చెబితే అయిపోయేది గదండీ" అంది. కోపం లేదు ఆ మాటలో. అది ఇంకా గట్టిగా తగిలింది.

గీత కొట్టేసి రెండు మార్కులు వేసి పత్రం మస్తాన్‌బీ చేతికిచ్చాను.

"మార్కుల గురించి కాదు మేడం. అందరికీ తెలిసిన x నా ఒక్కదానికే తెలవదనుకున్నా. లెక్కలు నాకు రావనుకున్నా" అంది. పత్రం మడుస్తూ, "వాళ్లందరూ నవ్వారు గదా. ఇక్కడ దిద్దితే వాళ్లకెట్టా తెలుస్తది?" అని అడిగింది.

మళ్లీ సరైన ప్రశ్నే అడిగింది. శనివారం మొదటి పీరియడ్‌కి రమ్మన్నాను. అది మళ్లీ కుప్పలో చెయ్యి పెట్టింది. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం పెద్ద విషయం కాదని ఇతరులకి చెప్పడం తేలికే.

శనివారం బెల్లు కొట్టాక చూస్తే మూడో బెంచీ చివర మస్తాన్‌బీ ఉంది. బోర్డు మీద f(x) = x² అని రాసి అన్వేకమా అని అడిగాను. కాదు అని అందరూ కలిసికట్టుగా అరిచారు.

"మీ అందరిదీ తప్పే. మీకంటే ముందు నాది తప్పు" అన్నాను.

హాల్లో జరిగింది, మస్తాన్‌బీ జవాబు, నా ఎర్ర గీత, అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను వేళాకోళం లేకుండా అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత మస్తాన్‌బీని పిలిచి, నా ప్రశ్నని నువ్వే సరిచెయ్యి అని సుద్దముక్క ఇచ్చాను. అది బోర్డు దగ్గరికి వచ్చి, నేను రాసినదాన్ని చెరపకుండా, పైన రెండు వరసలు రాసింది. ఒకటి f : R → R. రెండోది f : [0, ∞) → R. మొదటిదాని పక్కన 'కాదు', రెండోదాని పక్కన 'అవును' అని పెట్టింది. R అంటే మైనస్‌లతో సహా వాస్తవ సంఖ్యలన్నీ, రెండోది సున్నా నుంచి పైకి మాత్రమే. వేలితో ఒక్కో వరసా చూపిస్తూ, "పని ఒకటే. కుప్ప వేరు" అంది. పందొమ్మిదేళ్లలో నేను అంత పొట్టిగా చెప్పలేకపోయాను.

ఆ తర్వాత నా ఏ ప్రశ్నలోనూ డొమైన్ లేకుండా f కనిపించలేదు. పరీక్ష హాల్లో ఎవరైనా లేచి నిలబడితే, ఎంత వింత ప్రశ్న అయినా సరే, ముందు వాళ్ల బెంచీ దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాను. నడిచేలోపు నా నోరు సర్దుకుంటుంది.

ఆ రోజు క్లాసు అయ్యాక మస్తాన్‌బీ నా బల్ల దగ్గరికి వచ్చి తన టీసీ దరఖాస్తు అడిగింది. సంతకం పెట్టలేదమ్మా అంటూనే తీసిచ్చాను. అది తిప్పి చూసుకుని, వెనక తెల్లగా ఉందిలే మేడం, రఫ్‌కి పనికొస్తుంది అని లెక్కల పుస్తకంలో పెట్టుకుంది.