నీళ్ళు తాగొచ్చేలోపు

నీళ్ళ టీచర్ ఈ లోకంలో ఆఖరిసారిగా చేసిన మామూలు పని, పాఠం మధ్యలో వెనక బెంచీ మీంచి లేచి, నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళడం. శుక్రవారం, నాలుగో పీరియడు. ఎవరో ట్రైనీ కుర్రాడు త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే మూడువందల అరవై డిగ్రీలని బోర్డు మీద రాశాడు. ఆవిడకి వెంటనే దాహం వేసింది. ఆదివారం ఇక నిద్ర లేవలేదు.

మామూలు మనుషులకి ఎండలో నడిస్తే దాహం వేస్తుంది. ఆవిడకి ఎదుటివాళ్ళు తప్పు చేస్తే వేసేది. సొంత పేరు హాజరు పట్టీలో భద్రంగానే ఉండేది గాని, దాంతో ఎవరికీ పని పడలేదు.

టీచరు ట్రైనింగు కాలేజీ వాళ్ళు ఏటా విద్యార్థుల్ని నలభై రోజులపాటు ఆవిడ పనిచేసే స్కూలుకి పంపేవారు. ఒక్కొక్కరికీ ఒక క్లాసు, ఆ క్లాసు టీచరు అప్పగింత. ట్రైనీ పాఠం చెప్తుంటే ఆ టీచరు వెనక బెంచీలో కూర్చుని చూసి, రికార్డులో అభిప్రాయం రాయాలి. చివరి రోజున యూనివర్సిటీ నుంచి పరీక్షకుడు వచ్చి ఒక పాఠం చూసి మార్కులేస్తాడు.

మిగతా టీచర్లు కూర్చున్నచోటి నుంచే "తప్పు!" అని గద్దించేవారు. నీళ్ళ టీచర్ మాత్రం సంచిలోంచి స్టీలు గ్లాసు తీసుకుని, పిల్లి అడుగులేసుకుంటూ బయటికి నడిచేది. వరండా చివర వాటర్ ఫిల్టరు. పోయి, కాసేపటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. రికార్డులో ఎప్పుడు చూసినా అవే రెండు ముక్కలు: "బోర్డు కనిపించింది. గొంతు వినిపించింది."

మధ్యాహ్నం ట్రైనీలంతా టిఫిన్ డబ్బాలు విప్పుకుని లెక్కలు తేల్చుకునేవారు.

"ఇవాళ నీకెన్ని గ్లాసులే?"

"రెండు."

"అదృష్టవంతురాలివి. నాకు ఆరు. ఆరోసారి వచ్చాక ఆయాసపడింది కూడా."

ఒక్క గ్లాసైనా పడకుండా పాఠం ముగించినవాడు ఆ స్కూలు చరిత్రలో ఒకే ఒక్కడట. ఆరోజు అతనికి గొంతు పోయి, పీరియడంతా పిల్లల చేత బొమ్మలు వేయించాడు.

సైన్సు ట్రైనీ ఆవిడకి షుగరేనని తేల్చేసి, ఓ రోజు ధైర్యం చేసి అడిగేశాడు.

"మేడమ్, పరీక్ష చేయించుకున్నారా?"

"ఏ పరీక్ష నాయనా?"

"రక్తపరీక్ష. ఇంత దాహం మంచిది కాదు మేడమ్."

"నా దాహానికి మందు నీ దగ్గరే ఉంది బాబూ. ఆకులు రాత్రిపూట పత్రహరితం తయారుచేస్తాయని చెప్పకు, చాలు."

ఇలా ఉండగా ఒక ఏడు ఆవిడ క్లాసుకి ఒక లెక్కల ట్రైనీ వచ్చింది. పిల్లలు ఆమెను కొత్త టీచర్ అనేవారు గాని, నిజానికి పాత టీచరే. కిందటేడు ఇంకో స్కూల్లో చివరి పాఠం నడుస్తుండగా వెనక నుంచి ఎవరో "తప్పు!" అన్నారు. అంతే, చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని బయటికి పరిగెత్తి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది. మళ్ళీ నలభై రోజులు చేస్తోంది. కాలేజీ నియమం ప్రకారం మూడో అవకాశం లేదు. అన్నయ్యకి టైలరింగు షాపుంది. "ఈసారీ పోతే ఏం బెంగపడకమ్మా, కాజాలు కుట్టడానికి మనిషి కావాలి నాకు," అని ఓదార్చాడు. ఆ ఓదార్పుకి ఆమెకి నిద్ర పట్టలేదు.

మొదటి రోజే తేదీ తప్పు రాసింది. బెంచీ కిర్రుమంది. నీళ్ళ టీచర్ వెళ్ళిపోయింది. కొత్త టీచర్ సుద్దముక్కతోనే గుమ్మం వైపు ఒక అడుగేసింది. అప్పుడు ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మా టీచర్ నీళ్ళకెళ్ళింది."

"అయితే?"

"అయితే బోర్డు మీద ఎక్కడో తప్పుంది. వెతుకుదాం రండి!"

క్లాసంతా బోర్డు మీద పడింది. ఆ పిల్లలకి అదో ఆట. ఏ తప్పూ లేనప్పుడు కూడా ఆశగా వెనక్కి చూసేవారు, టీచరు ఎప్పుడు లేస్తుందా అని. కొత్త టీచరుకి వారం తిరిగేసరికి బెదురు తగ్గింది. తప్పు దొరికితే చెరిపి, "బాగా పట్టావు," అనడం వచ్చింది. నెల తిరిగేసరికి బెంచీ కిర్రుమనకముందే తనే పట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇవాళ నన్ను ఎండగట్టావు కదే అమ్మాయ్," అంది నీళ్ళ టీచర్ ఓ రోజు గ్లాసు బోర్లించి చూపిస్తూ.

చివరి రోజు వచ్చింది. పరీక్షకుడు వెనక బెంచీలో, నీళ్ళ టీచర్ పక్కన కూర్చున్నాడు. నవ్వు ఖర్చయిపోతుందన్నట్టుండే మొహం. ఒళ్ళో మార్కుల ఫైలు. ఆరో తరగతి, భిన్నాల కూడిక. కొత్త టీచర్ ఆయన్ని చూసింది, కిందటేడంతా కళ్ళ ముందుకొచ్చింది, చెయ్యి తన పాటికి తను రాసేసింది: ఒకటి బై రెండు, ఒకటి బై మూడు, కలిపితే రెండు బై ఐదు.

పరీక్షకుడి పెన్ను మూత తీసుకుంది. నోరు తెరుచుకోబోయింది. బెంచీ కిర్రుమంది.

"సార్, దాహం."

"వెళ్ళి రండమ్మా."

"మీక్కూడా."

"నాకు దాహం లేదు."

"ఉంటుంది సార్. వరండా దాకా వస్తే మీకే తెలుస్తుంది."

"పాఠం మధ్యలో లేవకూడదమ్మా, నియమం!"

"నియమానిదేముంది, దానికీ ఓ గ్లాసు పోద్దాం," అని ఆవిడ ఆయన ఒళ్ళోంచి ఫైలు తీసి చంకలో పెట్టుకుని నడిచింది. మార్కుల ఫైలు ఎటు పోతే పరీక్షకుడూ అటే పోవాలి. "ఏమండీ! ఏమండీ!" అంటూ వెనకాలే పోయాడు.

కొత్త టీచర్ గుమ్మం వంక చూసింది. బయటికి దారి ఖాళీగానే ఉంది. బస్టాపు కూడా దగ్గరే. పిల్లలు మాత్రం పండగ చేసుకుంటున్నారు.

"టీచర్, ఇద్దరెళ్ళారు! పెద్ద తప్పే అయ్యుంటుంది!"

ఆమెకి నవ్వొచ్చింది. "సరే, వెతకండి," అంది.

"టీచర్," అంది రెండు జడల పిల్ల, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటి?"

కొత్త టీచర్ అప్పుడు చూసింది. చెరపలేదు. ఒక కాగితం తీసి ఆరు సమాన భాగాలుగా మడిచింది. "సగమంటే వీటిలో ఎన్ని?" "మూడు!" "మూడోవంతు?" "రెండు!" "రెండూ కలిపితే?" అరుపులకి కిటికీ మీద పావురం ఎగిరిపోయింది. పెద్దవాళ్ళిద్దరూ తిరిగొచ్చేసరికి క్లాసులో ఒక్కరూ కూర్చుని లేరు. అందరి చేతుల్లోనూ మడతల కాగితాలే. ఒక కుర్రాడు పరీక్షకుడినే నిలదీశాడు.

"సార్, రెండు బై ఐదు ఎందుకు కుదరదో మీకు తెలుసా?"

"నువ్వు చెప్పు," అన్నాడాయన. వాడు చెప్పాడు. ఆయన నిలబడే మార్కులేశాడు.

అన్నయ్య కాజాలకి వేరే మనిషిని చూసుకున్నాడు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. కొత్త టీచర్ ఇంకో స్కూల్లో పాత టీచరైంది. ఆమె దగ్గరికీ ట్రైనీలు వస్తున్నారు. నీళ్ళ టీచర్‌నే చూసి నేర్చుకుంది కనక, వాళ్ళు తప్పు రాయగానే లేచి వెళ్ళి, నిష్ఠగా గ్లాసుడు నీళ్ళు తాగి వస్తోంది. కొందరు ట్రైనీల పాఠాలకి నాలుగైదు గ్లాసులయ్యేవి. ఆవిడ ఇన్నేళ్ళు ఎలా తట్టుకుందో అనుకునేది పాపం, కడుపు పట్టుకుని.

నీళ్ళ టీచర్ సంతాప సభ ఆవిడ స్కూలు హాల్లోనే జరిగింది. కొత్త టీచరూ వెళ్ళింది. అందరూ గ్లాసుల కథలే చెప్పుకున్నారు. సభలో ఏడవాల్సిన చోట నవ్వుతున్నామని ప్రధానోపాధ్యాయుడు రెండుసార్లు క్షమాపణ చెప్పి, మూడోసారి తనే నవ్వాడు. అయిపోయాక వరండాలో కర్ర ఊతంగా ఒక ముసలాయన ఆమెకి ఎదురయ్యాడు. మొహం ఇప్పుడు కాస్త మెత్తబడింది.

"రెండు బై ఐదు కదూ నువ్వు?"

"నమస్కారం సార్. ఆరోజు మీకు బలవంతంగా నీళ్ళు తాగించారు..."

"నీళ్ళా? ఎక్కడ తాగనిచ్చిందమ్మా! ఆవిడా తాగలేదు. ఆ ఫిల్టరు దగ్గర నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టింది. 'రోజూ నేను చేసే పనే సార్, వంద లెక్కపెట్టుకుని వెళ్దాం. ఆలోపు ఆ పిల్ల దిద్దుకోకపోతే అప్పుడు మీ ఇష్టం,' అంది."

"మీరు లెక్కపెట్టారా?"

"ఫైలు ఆవిడ చంకలో ఉందిగా! పైకే లెక్కపెట్టాను, డెబ్బై రెండు తర్వాత తడబడ్డాను. ఇద్దరం గోడవైపే తిరిగున్నాం, ఆవిడ నన్ను చూడనైనా లేదు. 'పర్లేదు సార్, తొందరేం లేదు,' అని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించింది."